చేపల ఐసు

కాలేజీలో ఉన్న ఒక్క ఫ్రిజ్జూ ప్రిన్సిపాలు గదిలో, సోడాల కోసం.
అందుకని పొద్దున్నే నేను సైకిలెక్కి
నాగావళి వంతెన దాటి
చేపల మార్కెట్టు వెనక ఐసు గోదాముకి పోయేవాణ్ణి.
ఊకలో పొర్లించి, గోనెలో కట్టి,
ఎండ ఎక్కేలోగా తొక్కుకొచ్చేవాణ్ణి.
వీపంతా తడి. దారి పొడుగునా వంజరం వాసన.

"సున్నా దగ్గరుండాలి దాలయ్యా,
ఐదు డిగ్రీలు దాటిందా, పని పాడు"
అనేవారు సనపల కూర్మావతి మేడం,
ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకోకుండానే.

ఐసు గంపలో బీకరు, బీకరులో అనిలీను.
గాలి తగిలితే తాటిబెల్లం పాకంలా నల్లబడిపోతుంది.
దాన్ని బట్టీ పెట్టి మళ్ళీ నీళ్ళలా తేటగా దించాలి.
మా తాత సారా బట్టీ దగ్గర పెరిగినవాణ్ణి,
ఆ పని నాకు ఒక్కరోజులో పట్టుబడింది.
ఆ సంగతి మేడంకి చెప్పలేదు.

చుక్క.
చుక్క.
చాలాసేపు ఏమీ లేదు.
గోడ మీద బల్లి కూడా కదలదు.
ఇంతలో గులాబీ నీడ, దాని మీద నీలం,
ఆ నీలం లోంచి ఆకుపచ్చ.
పొట్టకొచ్చిన వరి పచ్చ కాదు,
నెమలి మెడ వంపులో ముదిరిన పచ్చ.

"ప్లాస్టిక్కే ఇది. కరెంటుని పోనిస్తుంది."

నాకు నవ్వొచ్చింది.
మా బావ లైన్‌మాను. రబ్బరు చెప్పుల మీద,
ప్లాస్టిక్ పిడి మీద
ప్రాణం పెట్టుకుని స్తంభాలెక్కినవాడు.

మేడం నవ్వలేదు. సుద్దముక్క తీసి
బల్ల మీదే గొలుసు గీశారు.
"ఇక్కడ ఒకటి లేచిపోతే ఖాళీ.
పక్కది ఆ ఖాళీలోకి జరుగుతుంది,
దాని చోట్లోకి ఇంకోటి.
నడిచేది ఖాళీయే దాలయ్యా."
ఆమదాలవలసలో ఒకడు దిగితే
పాసింజరు బండిలో బెంచీ అంతా
కిటికీ వైపు జరగదా, అలాగన్నమాట.

పొడిని బిళ్ళగా నొక్కి, మీద నాలుగు సూదులు ఆనించి
మీటరు వైపు వంగేసరికి
కరెంటు పోయేది.
కరెంటుని మోసే బిళ్ళ చేతిలో ఉంది,
మోయించడానికి కరెంటు లేదు.
చీకట్లో ఆవిడ ఒక్కరే కూర్చుని
పాత అంకెలు నోటికి అప్పజెప్పుకునేవారు,
ఎక్కాలు చదివే గుంటలాగ.

రెండు వేల సంవత్సరంలో ఎక్కడో చలిదేశంలో
ఈ పదార్థాల తాలూకు పనికే
ముగ్గురికి పెద్ద బహుమతి ఇచ్చారట.
మేడం పలాస జీడిపప్పు పొట్లం తెచ్చి పంచారు.
"మీకెందుకండీ ఖర్చు?" అంది స్టాఫు రూము.
"మన ముద్దేనండీ అది" అన్నారు,
అరచేతి పచ్చ మరక చూపించి.
ఆ వారంలోనే ఆవిడ వ్యాసం ఒకటి తిరిగొచ్చింది.
కవరు వెనక ఐసు లెక్క రాసుకున్నాను.

చివరి ఏళ్ళలో పచ్చ కాయితాలు చేశారు, వేలెడంత.
కుళ్ళే చేప ఊపిరి తగిలితే నీలం తిరుగుతాయి.
ఇద్దరం మార్కెట్టుకి పోయాం.
ఇరవయ్యేళ్ళ ఐసు బాకీ తీర్చడానికి పోయినట్టు.

"మొప్ప ఎత్తి సూస్తే తెలదేటమ్మా?
కాయితం సెప్పాలేటి నాకు?"
గరికిన పోలమ్మ కత్తిపీట మీంచి లేవలేదు.
మేడం గట్టిగా నవ్వారు. అంత నవ్వు ల్యాబులో ఎప్పుడూ వినలేదు.
అయినా గంపలోకి ఒక కాయితం దించారు.
అడుగునున్న కానాగంత దగ్గర అది నీలమైంది.
పోలమ్మ వాసన చూసింది, దూరంగా విసిరింది.
కాసేపాగి మెల్లగా అంది:
"మరోటుంటే ఇయ్యమ్మా.
సందేళయితే సూపు ఆనట్లేదు."
తీసుకుని రొంటిన దోపుకుంది.

మేడం రిటైరయ్యారు. దండ వేశారు, శాలువా కప్పారు,
పేరు తప్పు చదివారు.
ల్యాబు సింకులో ఆ పచ్చ మరక మాత్రం ఉండిపోయింది.
కొత్తాయన చూసి మొహం చిట్లించి
"యాసిడ్ పోసి రుద్దవయ్యా" అన్నాడు.

పోశాను.
ఇంకా పచ్చబడింది.